పెసరగింజంత ఎర్ర బొడిపె

పొద్దున్నే గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చిన ప్రూఫ్ రీడరుకు తన లాప్‌టాప్ కనబడలేదు. దాని చోట అట్టముక్కంత పలచగా, తళతళలాడుతూ ఇంకొకటి ఉంది. వెనకే భర్త, కూతురు నవ్వుతూ నిలబడ్డారు.

"పాతది షాపులో ఇచ్చేశామమ్మా! ఆ ఇటుకరాయితో ఇంకెన్నాళ్లు తంటాలు పడతావు?" అంది కూతురు.

సాయంత్రానికి ఒక నవల దిద్ది పంపాలి. ఆలస్యమైతే ఆ ప్రచురణకర్త ఇంకొకరిని చూసుకుంటాడు. చేసేది లేక, మెయిల్లో ఉన్న నవల తెరిచి దాంతోనే కూర్చుంది.

పాతదానికి కీల నడుమ పెసరగింజంత ఎర్ర బొడిపె ఉండేది. చూపుడువేలితో కాస్త నొక్కితే కర్సర్ చెప్పిన చోటికి వెళ్లేది, చేతులు కదపనక్కర్లేదు. దీనికేమో మైదానమంత టచ్‌ప్యాడ్! బొటనవేలు తగిలితే చాలు, కర్సర్ ఎక్కడికో గెంతుతోంది. మధ్యాహ్నం సరిచూసుకుంటే, నవలలో చావుకబురు ఘట్టంలో దిద్దిన మాటలన్నీ పెళ్లి సందడి ఘట్టంలో పడి ఉన్నాయి. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఎవర్నడిగి ఇచ్చారు?"

"అబ్బ, ఇంతదానికి అంత కోపమా? మౌస్ కొనిస్తాలే," అన్నాడు భర్త.

"మౌస్ కోసం చేయి చాపీ చాపీ భుజం పట్టేస్తేనే కదా, నాలుగు షాపులు తిరిగి దాన్ని ఏరికోరి తెచ్చుకున్నాను!"

కూతురు తెల్లబోయింది. "ఖర్చెందుకని సర్దుకుపోతున్నావనుకున్నామమ్మా."

"సర్దుకుపోవడమా? అదంటే నాకిష్టం! ఆయన రేజర్ మారిస్తే ఇల్లు పీకి పందిరేస్తారు. దిండు మారిస్తే నీకు నిద్ర పట్టదు. మీవైతే ఇష్టాలు, నేనేం వాడినా త్యాగమేనా?"

కూతురు చెప్పులేసుకుని షాపుకు పరుగెత్తింది. అక్కడివాడు అప్పటికే అడుగు రేకు విప్పి పెట్టాడట. బతిమాలి, మళ్లీ బిగించి తెచ్చింది.

పొద్దు వాలేలోగా నవల వెళ్లిపోయింది. భర్త టీ కప్పు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కూతురు పక్కనే చతికిలబడి, "అమ్మా, నిన్నడక్కుండా మేం చేసేవి ఇంకేమైనా ఉన్నాయా?" అంది.

ఆమె కప్పు వైపు చూసింది. "నాకు టీలో పంచదార ఇష్టముండదు."

"పెళ్లయిన దగ్గర్నుంచీ నేనే కలిపిస్తున్నాను కదే!" అన్నాడాయన.

"అవును. అప్పట్నుంచీ తాగుతున్నాను."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదు."

కూతురికి దుఃఖం ఆగలేదు, తల్లి ఒళ్లో మొహం దాచుకుంది. ఆయన తల వంచుకుని కప్పు తీసుకుని వంటగది దాకా వెళ్లి, గుమ్మంలో ఆగాడు.

"ఎలా కావాలో చెప్పు," అన్నాడు.

ఆమె ఒక చేత్తో కళ్లొత్తుకుంటూ, ఇంకో చేత్తో కూతురి తల నిమురుతూ చెప్పడం మొదలుపెట్టింది.