బుల్లి బంతి ఎందుకు పగలదు

రికార్డింగ్ స్టూడియోలో మైక్ టెస్ట్ కోసం ఆమె మొదటి నాలుగు ముక్కలు చదివింది.

"ఒకే రకం ఛార్జీలు ఒకదాన్నొకటి తోసేస్తాయి. ఎలక్ట్రాన్ అంటే మైనస్ ఛార్జి నిండిన బుల్లి గట్టి బంతి. గట్టిది కాబట్టే అది ఎన్నటికీ పగలదు."

చదివి, హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుంది.

"ఇది రాసిందెవరు?"

అద్దం అవతల రికార్డిస్టు పక్కన కూర్చున్న కుర్రాడు చెయ్యెత్తాడు. సైన్స్ మ్యూజియంలో బొమ్మల దగ్గర బటన్ నొక్కితే వినిపించే మాటలు రాయడం అతని ఉద్యోగం. ఇంకా పర్మనెంట్ కాలేదు గానీ, అయినవాళ్లకంటే ధీమాగానే కూర్చున్నాడు.

"ఒకే రకమైతే తోసుకుంటాయని మీరే రాశారు. ఆ వెంటనే బంతి నిండా మైనస్సే అన్నారు. మరి ఈ పక్క మైనస్సు ఆ పక్క మైనస్సును తొయ్యదా? ఈపాటికి బంతి పేలిపోయి ఉండాలి కదా?"

"గట్టిదండీ. రాశాను కదా."

"ఎందుకు గట్టిది? లోపల జిగురు పోశారా?"

రికార్డిస్టు నవ్వాపుకోలేక దగ్గాడు. "సైన్సు గారూ, ముందే చెప్పాల్సింది. ఈవిణ్ని మేం రీటేక్ అంటాం. తనకి అర్థమయ్యేదాకా మమ్మల్ని టీ కూడా తాగనివ్వదు."

"మీరు చదివెయ్యండి. వినేవాళ్లు ఇవన్నీ అడగరు" అన్నాడు సైన్సు.

"నేను అడిగాను కదండీ. నేను మనిషిని కానా?"

ఆ మాట నవ్వుతూనే అంది. తర్వాతి మాటకు నవ్వు లేదు.

"ఒకసారి బరువు తగ్గించే పొడికి ప్రకటన చదివాను. అందులో ఏముందో అడగలేదు. మా పిన్ని నా గొంతు విని అది కొనుక్కుని మంచం పట్టింది. 'నువ్వే చెప్పావు కదే' అంది. అప్పట్నుంచి నాకు నమ్మకం లేని మాట నా నోట రాదు. ఏమీ అనుకోకండి."

ఆ రోజుకి రికార్డింగ్ ఆగిపోయింది. సైన్సు మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. నిజం చెప్పాలంటే అతని కోపం ఆమె మీద కాదు. జవాబు తనకే తెలియదని అంతవరకూ తనకే తెలియలేదు, అదీ కోపం.

వారం తిరక్కుండా గడ్డం పెంచుకుని, సంచీ నిండా పుస్తకాలతో దిగాడు. స్టూడియో వరండాలో టీ కప్పు పట్టుకుని నిలబడి ఉంది రీటేక్.

"మీరన్నదే నిజం. బంతి అయితే పేలిపోవాల్సిందే. వందేళ్ల కిందట పెద్దపెద్దవాళ్లూ ఇదే అడిగారు. లోపల ఏదో పట్టి ఉంచే శక్తి ఉండాలన్నారు. అదెవరికీ దొరకలేదు."

"అయితే నేనూ పెద్దదాన్నేనన్నమాట."

"ఇప్పుడేమంటారంటే, అసలది బంతే కాదు. ఇప్పటిదాకా ఎంత గట్టిగా కొట్టి చూసినా లోపల ముక్కలు కనపళ్లేదు. ముక్కలే లేకపోతే ఎవర్ని ఎవరు తోస్తారు?"

"హమ్మయ్య. అయిపోయిందా?"

"అవలేదు. సైజే లేని చుక్కలో ఛార్జంతా కుక్కితే దాని ఎనర్జీ లెక్కకి అంతూ పొంతూ ఉండదు. ఆ లెక్కను సరిచేసుకునే పద్ధతి ఒకటుంది. బ్రహ్మాండంగా పనిచేస్తుంది కూడా. కానీ అసలు సంగతేంటంటే..." ఆగాడు. "తెలియదు."

"ఎవరికి? మీకా?"

"పూర్తిగా ఎవరికీ."

ఆమె టీ తాగడం మానేసి అతన్ని ఎగాదిగా చూసింది. "ఇంత బాగా చెప్పగలిగినవాళ్లు ఆ గట్టి బంతి ఎందుకు రాశారండీ?"

"తెలియదని రాయడానికి సిగ్గేసింది."

ఆ ఒక్క మాటకి రీటేక్ పడిపోయింది. కొంతమంది అమ్మాయిలు కళ్లు చూసి పడతారు, ఈవిడ ఇలా పడింది. మనం చేసేదేముంది.

కొత్తగా రాసిన దాంట్లో చివరి మాటలు ఇవి: "ఎలక్ట్రాన్ ఎందుకు పగలదో పూర్తిగా ఎవరికీ తెలియదు. మీకు తెలిస్తే మాకూ చెప్పండి." ఒక్క టేక్‌లో చదివేసింది. రికార్డిస్టు మళ్లీ మళ్లీ వేసి విన్నాడు. గొంతులో నవ్వు వినపడుతోందన్నాడు.

ఆ తర్వాత వానలు మొదలయ్యాయి. ఇద్దరికీ కలిపి ఒకటే గొడుగు ఉండేది, ఎందుకంటే సైన్సు తన గొడుగును రోజూ కావాలనే ఆఫీసులో మర్చిపోయేవాడు. మొదటి వానకి 'గారు' పోయింది. రెండో వానకి 'మీరు' పోయింది. పోట్లాటలు మాత్రం పోలేదు. అలిగితే ఇద్దరిలో ఎవరూ ముందు పలకరించే రకం కాదు.

"మనిద్దరం ఒకే అచ్చు, సైన్సూ. ఒకే రకం తోసుకుంటాయని నువ్వే రాశావు" అందొకరోజు బస్టాపులో.

"తోసుకోవాలంటే రెండుండాలి. ఒక్కటే అయితే ఎవర్ని ఎవరు తోస్తారు?"

ఆమె గొడుగు తన వైపు లాక్కుని వాన చూస్తూ నిలబడింది. సైన్సు భుజం మొత్తం తడిసిపోయింది. అతను హాయిగా తడిశాడు.

సైన్సు ఇంట్లో చెబితే వాళ్లమ్మ ఒకటే అంది. "అమ్మాయి సంగతి తర్వాత. ముందు ఉద్యోగం పర్మనెంట్ చేయించుకోరా."

మ్యూజియంలో కొత్త హాలు తెరవబోయే ముందు డైరెక్టరు మాటలన్నీ విన్నాడు. చివరిదగ్గర ఆపేశాడు.

"తెలియదు అని వినడానికా జనం ఇక్కడికొచ్చేది? మార్చు. నీ ఫైలు నా టేబుల్ మీదే ఉంది, తెలుసుగా."

కుదరదని చెప్పొచ్చు, చెప్పలేదు. రీటేక్‌ని అడగొచ్చు, అడగలేదు. స్టూడియోకి వెళ్లి, ఆ చివరి మాటల చోట పెట్టడానికి పాత మైక్ టెస్ట్ రికార్డింగు బయటికి తీయించాడు.

"ఆవిడకి చెప్పావా?" అన్నాడు రికార్డిస్టు.

"నేను చెప్తాలే."

చెప్పలేదు.

హాలు తెరిచిన రోజు వాళ్లమ్మని తీసుకొచ్చాడు. రీటేక్ ఇస్త్రీ చీర కట్టుకుని, కంగారు దాచుకుంటూ వచ్చింది. అతన్ని ఎవరో పిలిస్తే అటు వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆడవాళ్లిద్దరూ ఎలక్ట్రాన్ బొమ్మ ముందు నిలబడి, చెరో హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉన్నారు. 

"ఎంత చక్కగా చెప్పావమ్మా. గట్టిది కాబట్టి పగలదట. ఇన్నేళ్లలో నాకెవరూ ఇలా అర్థమయ్యేలా చెప్పలేదు. నువ్వు చెప్తుంటే నమ్మబుద్ధేస్తుంది." ఆవిడ రీటేక్ చెయ్యి పట్టుకుని కొడుకు వైపు తిరిగింది. "ఈ పిల్లే నా కోడలు. ఇక నువ్వు వద్దన్నా వినను."

రీటేక్ ఆ చెయ్యి విదిలించుకోలేదు. "కూర్చోండి ఆంటీ, అలసిపోయారు" అని బెంచీ మీద కూర్చోబెట్టి, మెట్ల దగ్గరికి నడిచింది. సైన్సు వెనకాలే పరిగెత్తాడు.

"మీ అమ్మ నమ్మేసింది" అంది.

"ఒక్క వాక్యమే కదా. పర్మనెంట్ అయితేనే అమ్మ ఒప్పుకునేది. మనకోసమే చేశాను."

"నన్ను అడగొచ్చుగా."

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"లేదు."

"మరి?"

"అది తెలిసే కదా నువ్వు అడగలేదు." ఆమె ఒక మెట్టు దిగి ఆగింది. "ఒక్కటే అన్నావు ఆ రోజు. ఒక్కటే అయితే నాకు తెలియకుండా నా గొంతు ఎలా వాడావు? మా పిన్ని సంగతి చెప్పినప్పుడు వింటున్నావనుకున్నాను."

బయట వాన పడుతోంది. గొడుగు అతని చేతిలోనే ఉంది. ఇవ్వబోయాడు. ఆమె తీసుకోకుండా దిగి వెళ్లిపోయింది.

ఉద్యోగం పర్మనెంట్ అయింది. అతని సీటు ఆ హాల్లోనే. ఎవరు బటన్ నొక్కినా, తనకు నమ్మకం లేని మాటను ఆమె గొంతు నమ్మకంగా చెబుతూ ఉంటుంది. ఫోన్ చేస్తే ఎత్తదు. భరించలేక చివరికి డైరెక్టరు దగ్గరికి వెళ్లి, ఉద్యోగం పోయినా సరే ఆ వాక్యం మార్చాలన్నాడు.

డైరెక్టరు తలెత్తకుండానే అన్నాడు. "ఇంకా దాన్నే పట్టుకుని వేలాడుతున్నావా? మార్చుకో. నాకేం పోయింది."

అంతే. ఆ రోజే ఇలా అడిగి ఉంటే సరిపోయేదేమో అని తోచి, అక్కడే తల బాదుకోవాలనిపించింది.

'మార్చాను. ఒక్కసారి వచ్చి విను' అని మెసేజ్ పెట్టాడు. సాయంత్రానికి జవాబొచ్చింది.

'సంతోషం సైన్సు గారూ. మీ అమ్మగారికి వినిపించండి.'

ఆ 'గారూ' దగ్గర అతని చూపు చాలాసేపు ఆగిపోయింది.

ఆదివారం అమ్మను తీసుకెళ్లాడు. ఆవిడ హెడ్‌ఫోన్ పెట్టుకుని బటన్ నొక్కింది. చివరిదాకా విని అతని వైపు తిరిగింది.

"అదేంట్రా, మొన్న పగలదని గట్టిగా చెప్పిన పిల్ల ఇప్పుడు తెలియదంటోంది?"

"ఇదే నిజం అమ్మా. మొన్నటిది తను చెప్పింది కాదు, నేను చెప్పించింది."

ఆవిడ హెడ్‌ఫోన్ తీసి కొడుకు ముందు పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది.

"మరి ఆ పిల్ల ఎప్పుడొస్తుందిరా మనింటికి?"

అతను హెడ్‌ఫోన్ తీసుకుని చెవికి పెట్టుకున్నాడు. గొడుగులు, వానలు ఇంకా మొదలవని రోజు తాలూకు నవ్వు ఆ గొంతులో అలాగే ఉంది. మీకు తెలిస్తే మాకూ చెప్పండి అంటోంది.

"తెలియదమ్మా" అన్నాడు.