తోడు లిప్తలు

ఏడో వరుసలో మూడో జడ అల్లిక మొదలైన నలభయ్యో లిప్త దగ్గర నూకరత్నం ఎడమ చెయ్యి మళ్ళీ పక్క పళ్ళెంలోకి వెళ్ళింది. రెండు తీగల కొసలు అందుకుంది, క్లిప్పుల్లో పెట్టి నొక్కింది, వెనక్కి వచ్చేసింది. మొత్తం తొమ్మిది లిప్తలు. గాజుపలక మీద ఆ చెయ్యి వెళ్ళిన దారంతా ఎర్రగా వెలిగింది. పనిని కొలిచే యంత్రం తూనికకు ఎరుపంటే వృథా.

ఆ ఎరుపును చూసి నీహారిక మురిసిపోవలసిన రోజది. పారిశ్రామిక ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది చదువుతోంది. మూడు వారాల కిందట ఆ వృథాను పట్టుకున్నది తనే. పూడిమడక ఒడ్డున, మనిషి లేకుండా నడిచే పడవలకు తీగల జడలు అల్లే ఆ కర్మాగారంలో తూనిక కన్ను పడని కదలిక లేదు. కానీ కదలికకు పేరు పెట్టి ముద్ర వేయవలసింది మాత్రం మనిషేనని చట్టం. ఆ ముద్ర పడితే మూడువందల పన్నెండు కర్మాగారాల్లో అదే కొలత అమలవుతుంది. నీహారికకు పట్టా రావాలన్నా, తూనిక కేంద్రంలో కొలతల ఇంజనీరు కొలువు దొరకాలన్నా సాయంత్రం సైరన్ లోపల ఆ ముద్ర పడాలి.

నివేదికలో ఆమె దర్జాగా ఒక వాక్యం రాసుకుంది: "ఈ చెడ్డ అలవాటు వరుసంతా అంటువ్యాధిలా పాకుతోంది." ఎందుకంటే ప్రతి సోమవారం ఆ వరుసలో ఆడవాళ్ళు కుర్చీలు మారతారు. పోయిన వారం ఇదే కదలిక ఇంకొకామె చేసింది, అంతకు ముందు వారం మరొకామె. చేతులు మారాయి గానీ తొమ్మిది లిప్తలు మారలేదు. దానికి మందు కూడా తనే రాసింది, కుర్చీకీ కుర్చీకీ నడుమ గాజు అడ్డు. ఆచార్య భాస్కరానందంగారు మెచ్చుకుని ఆ నివేదికను తరగతిలో చదివి వినిపించారు. ఇంత తెలివైన పిల్ల మూడు వారాల్లో ఎవర్నీ ఒక్క మాట అడగలేదు, అడగాలని తోచలేదు కూడా.

ముద్రకు ముందు కార్మికులకు విషయం చెప్పి వేలిముద్రలు తీసుకోవడం నియమం. అందుకని భోజనాల వేళ నీహారిక వెళ్ళి నూకరత్నం పక్కన కూర్చుంది.

"ఏటమ్మా, మా నడుమ గోడలు కడతారంట?" చేపల పులుసు కలుపుకుంటూ అడిగింది నూకరత్నం.

"గోడలు కాదండీ, గాజు అడ్డు. మీ చెయ్యి పక్కకు పోకుండా ఉంటుంది. మీకే శ్రమ తగ్గుతుంది."

"నా సెయ్యి ఊరికే పోద్దేటి?" నూకరత్నం గడ్డంతో ఏడో వరుసలో తన పక్క కుర్చీ వైపు చూపించింది. "మా గురమ్మప్పకి కుడిసేతి ఏళ్ళు తిమ్మిరెక్కిపోయాయి. ఇరవై రెండేళ్ళు నొక్కింది కాదేటి ఆ కిలుపులు! మాకు అల్లిక నేర్పింది కూడా ఆయమ్మే."

"అయితే రోజూ మీరే..."

"నానొక్కదాన్నే ఎందుకు సేత్తాను? వారానికొకరం. అందుకే కదా సోమారం సోమారం కుర్సీలు మారతాం."

నీహారిక చెవులు కాలిపోయాయి. తను అంటువ్యాధి అని పేరు పెట్టింది వాళ్ళ వంతులకు.

అంతలో గురమ్మే వచ్చి ఎదురుగా కూర్చుంది. కుడిచేతిని కొంగులో దాచుకుంది. "అడ్డు ఎడితే పూటకే తూనిక నన్ను తీసేత్తాదని తెలుసమ్మా. అయినా ముద్ర ఏసెయ్యి. నీ సదువు నా ఏళ్ళ కాడ ఆగిపోకూడదు."

ఆ మాట విన్నాక నీహారిక వేలిముద్రలు తీసుకోకుండానే లేచి వెళ్ళి ఆచార్యులవారికి ఫోను చేసి సంగతంతా చెప్పింది.

అంతా విని ఆయన, "ఆ కదలిక వల్ల ఉత్పత్తి ఏమైనా పెరుగుతోందా అమ్మా? తూనికకు జాలి అర్థం కాదు" అన్నారు.

"ఏమీ పెరగడం లేదు సార్."

"అలాంటప్పుడు వృథాయే కదా?"

"రెండో సెమిస్టర్లో మీరే చెప్పారు సార్, మనిషి అలసటకు సడలింపు కలిపాకే ప్రమాణ కాలం అవుతుందని."

"చెప్పాను. ముద్ర పత్రంలో ఆ సడలింపు గడి ఎవరూ నింపక పదిహేనేళ్ళయింది, నీహారికా."

"గడి ఉంది కదండీ."

"ఉంది." ఆయన గొంతు మెత్తబడింది. "నింపితే తూనిక కేంద్రం నిన్ను గుమ్మం ఎక్కనివ్వదు. పట్టా కోసం నేను పోట్లాడతాను, వస్తుందని మాత్రం మాటివ్వలేను."

పలక ముందు ఆమె చాలాసేపు కూర్చుంది. కొలతల ఇంజనీరు కావాలని పదో తరగతి నుంచీ అనుకుంటోంది. ఆ ఆశను అంత తేలిగ్గా వదులుకోవడం ఆమెవల్ల కాలేదు. చివరికి గాజు అడ్డు సిఫారసు కొట్టేసింది. కదలిక పేరు దగ్గర "తోడు" అని, సడలింపు గడిలో "తొమ్మిది లిప్తలు" అని రాసి, ఏడో వరుసవాళ్ళ వేలిముద్రలు తీసుకుని ముద్ర వేసింది.

పలక మీద కొలువు దరఖాస్తు వెంటనే మాయమైంది. ఆపైన మూడువందల పన్నెండు కర్మాగారాల్లో జడకు తొమ్మిది లిప్తల చొప్పున బెల్టులు నెమ్మదించాయి.

ఏడో వరుసలో అలవాటు కొద్దీ నూకరత్నం చెయ్యి చాచింది.

"ఉండవే," అంది గురమ్మ. "ఇప్పుడు నాకు టయాం అందతంది." కొసను క్లిప్పులో పెట్టి, ఎడమ అరచేత్తో మెల్లగా, బలంగా నొక్కింది. టక్కుమంది. రెండోది కూడా తనే నొక్కింది. అప్పటికింకా బెల్టు కదల్లేదు. నూకరత్నం చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

పలక మీద తూనిక అక్షరాలు వచ్చాయి: "తోడు కదలిక ఆగిపోయింది. సడలింపు అనవసరం. రద్దు చేయాలా?"

నీహారిక "వద్దు" అని నొక్కింది.

అదే ప్రశ్న ఈసారి సూళ్ళూరుపేట కర్మాగారం నుంచి వచ్చింది. తర్వాత మచిలీపట్నం నుంచి. తర్వాత ఆమె పేరైనా వినని ఊళ్ళ నుంచి, ఒకదాని వెనక ఒకటి, నూట నలభై ఆరు చోట్ల నుంచి. తోడు కదలిక ఆగిపోయింది, తోడు కదలిక ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఇన్ని చోట్ల ఎవరిదో ఒకరి చెయ్యి పక్క పళ్ళెంలోకి వెళుతూనే ఉందన్నమాట.

నీహారిక కుర్చీ ముందుకు లాక్కుని, ఒక్కొక్కదానికీ "వద్దు" నొక్కడం మొదలుపెట్టింది.