మడత పెట్టని గౌను

ఆ ఇంట్లో అందరికంటే ముందు నిద్రలేచేది కుట్టుమిషను. వీధి చివరి బేకరీలో రాత్రి డ్యూటీ ముగించుకుని నాన్న ఇల్లు చేరే వేళకి అమ్మ అప్పటికే దాని ముందు కూర్చుని ఉంటుంది. బడులు తెరిచే రోజులు కదా, వీధిలో సగం మంది పిల్లల యూనిఫాంలు ఆవిడ చేతిమీదుగానే వెళ్లాలి. ఆ ఉదయం కూడా నాన్న వేడివేడి బన్నుల పొట్లంతో గుమ్మంలోకి వచ్చాడు.

“చేతులు,” అంది అమ్మ తల ఎత్తకుండా.

“కడుక్కున్నాను.”

“మోచేతుల దాకా?”

“ఇంకాస్త రుద్దితే చర్మం ఊడొస్తుందే!” అంటూనే ఆయన మళ్లీ కుళాయి దగ్గరికి నడిచాడు.

వాళ్లకి ఒక్కతే కూతురు. ఏడేళ్లది. ఒక్కచోట కుదురుగా నిలబడదని చిన్నప్పుడే దానికి తూనీగ అని పేరు పడిపోయింది. నిరుడు ఆ తూనీగకి రక్తానికి సంబంధించిన పెద్ద జబ్బు చేసింది. ఏడాదిపాటు ఆసుపత్రీ ఇల్లూ ఒకటైపోయాయి. జుట్టంతా రాలిపోయింది, ఒళ్లు పుల్లలా అయింది. తిరిగి కోలుకుంది. కిందటి వారం డాక్టరమ్మ కాగితాలన్నీ పక్కన పెట్టేసి, “ఇక మందులు లేవు. ఈ పిల్లని బడికి పంపండి, నా దగ్గరికి కాదు,” అని నవ్వింది. ఇంటికొచ్చే దారిలో అమ్మ బస్సులో ఏడుస్తూ నవ్వుతూ కూర్చుంటే, కండక్టరు టిక్కెట్టు అడగడానికే జంకాడు.

జబ్బు తెలిసిన రోజున అమ్మ ఇంట్లో ఒక శాసనం చేసింది. పాపని ఎవరూ ఒక్క మాట అనకూడదు. జబ్బు పోయినా శాసనం పోలేదు. దానివల్ల అందరికంటే ఎక్కువ నలిగిపోయింది నానమ్మ. ఆవిడ నోరు ఎలాంటిదో వీధికంతా తెలుసు. తిట్టడం మొదలుపెడితే పాలు పోసే మనిషి కూడా పని మానుకుని కాసేపు నిలబడి వినేవాడు. అలాంటి ఆవిడ ఏడాదిగా మనవరాలి ముందు పెదవులు బిగించుకుని తిరుగుతోంది. లోపల ఆగని తిట్లన్నీ పాపం వంటింట్లో గిన్నెలకి తగిలేవి.

ఇవాళ తూనీగ మళ్లీ బడికి వెళ్లే రోజు. తలుపు కొక్కేనికి కొత్త గౌను వేలాడుతోంది. ముదురు నీలం రంగు, ఇస్త్రీ చేసి కత్తిలా ఉంది. కానీ వేసుకోవలసిన మనిషి దుప్పటి ముసుగు తీయడం లేదు.

“లేమ్మా, లే బంగారం. బన్ను తెచ్చాను, నీకిష్టమైనదే,” అన్నాడు నాన్న.

“కడుపు నొప్పి.”

“అయ్యో, ఎక్కడ?”

ముసుగులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి మోకాలు చూపించింది. నాన్నకి నవ్వొచ్చింది గానీ అమ్మ మొహం చూసి మింగేశాడు.

మొన్నటిదాకా ‘బడి ఎప్పుడు, బడి ఎప్పుడు’ అని ప్రాణం తోడేసిన పిల్ల ఇది. నిన్న సాయంత్రం గౌను తొడిగి చూసినప్పటి నుంచే మొహం ముడుచుకుంది. తలమీద జుట్టు ఇప్పుడిప్పుడే గడ్డి మొలిచినట్టు వస్తోంది, పిల్లలు ఏడిపిస్తారని భయం కాబోలని పెద్దవాళ్లు అనుకున్నారు. నాన్న ఒక టోపీ కొనుక్కొచ్చాడు. తూనీగ దాన్ని తెచ్చి మిషను మీద పెట్టి పోయింది.

అమ్మ కత్తెర కోసం పక్కగదిలోకి వెళ్లి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది, కొక్కెమూ ఖాళీగా ఉంది. స్నానాలగదిలోంచి బుడబుడమని చప్పుడు. వెళ్లి చూస్తే తూనీగ కొత్త గౌనుని రెండు చేతులతో నీళ్ల బకెట్లో అదిమిపెట్టి నిలబడి ఉంది. తల్లి కళ్లలోకి సూటిగా చూస్తోంది.

అమ్మ గొంతు పెంచలేదు. “పోనీలే తల్లీ. ఆరేస్తాను. రేపు వెళ్దువుగానిలే,” అంది.

వెనకాలే వచ్చిన నానమ్మకి ఏడాది ఓపిక అక్కడితో అయిపోయింది.

“పోనీలే ఏంటే, పోనీలే! ఏమే గడుగ్గాయి, కొత్త బట్ట తెచ్చి బకెట్లో ముంచుతావా? మీ అమ్మ నడుం పడిపోయేలా కూర్చుని కుడితే నీకు ఆటగా ఉందా? వేలెడంత లేవు, వీపు మీద రెండు తగిలిస్తే తిక్క కుదురుతుంది! రేపు అత్తారింటికెళ్లి ఇలాంటి వేషాలే వేశావంటే వాళ్లు నిన్ననరు, పెంచిన నన్నంటారు!”

“అత్తయ్యా!” అమ్మ గిరుక్కున తిరిగింది. “చావు నోట్లోంచి బయటపడ్డ పిల్లండీ అది. దాన్ని తిట్టడానికి మీకు నోరెలా వచ్చింది?”

“బయటపడింది కాబట్టే వచ్చింది! మంచం మీదున్నన్నాళ్లూ ఒక్క మాటన్నానా? ఇప్పుడు లేచింది. లేచిన పిల్లని పిల్లలా చూడవే అమ్మాయ్. గాజుబొమ్మని చేసి బీరువాలో పెడతావా?”

“మీకేం, ఇంట్లో ఉండి ఎన్నైనా అంటారు. ఆసుపత్రిలో దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నది నేను.”

ఆ మాట నానమ్మకి గట్టిగానే తగిలింది. “అవును, నువ్వే కూర్చున్నావు. నేనిక్కడ ఇదే గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను, మీ ఆయనకి వినపడకుండా. కడుపుకోత నీ ఒక్కదానిదే అనుకున్నావా?” అంది. చివరికొచ్చేసరికి ఆ పెద్ద గొంతు సన్నబడిపోయింది.

“అమ్మా, నువ్వాగు. ఏమే, నువ్వైనా ఆగు,” అంటూ నాన్న అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి మధ్యా చిక్కుకున్నాడు. ఎవరూ ఆగేలా లేరు.

“నానమ్మా,” అంది తూనీగ.

చిన్న గొంతే, కానీ ముగ్గురూ ఆగారు.

“నేను నిజంగా అత్తారింటికెళ్తానా?”

“వెళ్లవూ మరి?” అంది నానమ్మ కోపంగానే, కళ్లు తుడుచుకుంటూ. “నిన్ను ఏ మహానుభావుడు భరిస్తాడో గానీ!”

“అంటే పెద్దదాన్నవుతానా?”

అమ్మ తడి నేలమీదే కూలబడి కూతురి భుజాలు పట్టుకుంది. “అదేం ప్రశ్న తల్లీ? తగ్గిపోయిందని డాక్టరమ్మ చెప్పింది కదా. నువ్వూ విన్నావుగా?”

“డాక్టరమ్మ అందరికీ నవ్వుతూనే చెప్తుంది. మరి నువ్వు మడత పెట్టలేదుగా.”

“మడతేంటమ్మా?” అన్నాడు నాన్న అయోమయంగా.

తూనీగ బకెట్లోంచి గౌను పైకి లాగింది. నీళ్లోడుతున్న అంచు తిరగేసి చూపించింది. “అమ్మ అందరి గౌన్లకీ కింద లోపలికి రెండు వేళ్ల మడత పెడుతుంది. వచ్చే ఏడాది పిల్లలు ఎదిగాక కుట్టు విప్పి పొడుగు చేసుకోడానికి. ఎదురింటి వాడి లాగుకీ పెట్టింది. నాకు ఎప్పుడూ పెట్టేది. ఈసారి పెట్టలేదు. బట్టల షాపులో నిలబెట్టే బొమ్మకి కుట్టినప్పుడు కూడా అమ్మ పెట్టలేదు. ఎదగని దానికి మడతెందుకు, గుడ్డ దండగ అంది. నేను విన్నాను.” అంచు వదలకుండానే, “నేను గ్లాసు పగలగొట్టినా ఎవరూ తిట్టట్లేదు కూడా,” అంది.

దర్జీ కూతురు కదా. పుస్తకంలో అక్షరాల కంటే ముందు బట్ట చదవడం నేర్చుకుంది.

అమ్మ ఆ అంచు చేతిలోకి తీసుకుని చూసింది. నిజమే. సన్నగా, చక్కగా, ఒక్క దారం తేడా లేకుండా మడత పెట్టకుండా కుట్టేసింది. పిల్ల చిక్కిపోయింది, గౌను వదులుగా వేలాడితే చూసిన వాళ్లు అయ్యో అంటారని ఒంటికి అతికినట్టు కుడదామనుకుంది. నిద్రపోతున్న పిల్లని లేపడం ఎందుకని కొలత కూడా తీయలేదు. పాత గౌనునే ఆదిగా పెట్టి కత్తిరించింది. అవన్నీ నిజాలే. కానీ వాటి కింద ఇంకో నిజం ఉంది, అది ఇప్పుడే ఆవిడకి తెలిసింది. ఆసుపత్రిలో ఏడాదిపాటు ఇవాళ సాయంత్రం గడిస్తే చాలు అనుకుంటూ బతికింది. వచ్చే ఏడాది అనే మాట తలుచుకోవడమే మానేసింది. ఆ భయం మనసులోంచి చేతుల్లోకి దిగి కత్తెర పట్టుకుంది.

“తప్పయిపోయిందమ్మా,” అంది. “నువ్వు ఎదగవని కాదు. అమ్మకి భయం తగ్గలేదు, అంతే. జబ్బు నీకు తగ్గింది గానీ నాకు తగ్గలేదు.” అని పిల్లని తడి గౌనుతో సహా గుండెకి హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

తూనీగ తల్లి వీపు తట్టింది. “మందు వేసుకో, తగ్గుతుంది. చేదుగా ఉంటుంది, అంతే,” అంది.

ముందు నవ్వింది నానమ్మ. తర్వాత నాన్న. ఆఖరికి అమ్మ కూడా ముక్కు చీదుకుంటూ నవ్వింది. ఆ ఇంట్లో అంత గట్టి నవ్వు విని ఎన్నాళ్లయిందో, ఎదురింటావిడ కిటికీ తెరిచి మరీ చూసింది.

ఆ రోజు ఇక బడి లేదు, బేరాలూ లేవు. అమ్మ బల్లమీద కొత్త గుడ్డ పరిచింది. ఈసారి తూనీగని ఎదురుగా నిలబెట్టి మెడలోంచి టేపు తీసింది. నడుము కొలిచింది, భుజం కొలిచింది. పొడుగు కొలిచి ఆగిపోయింది. టేపు మళ్లీ పైనుంచి పెట్టి చూసింది.

“ఏవండీ, ఒకసారి ఇలా రండి. మీరు చూడండి, నా కళ్లమీద నాకే నమ్మకం లేదు.”

నాన్న వంగి చూశాడు. పాత కొలత కంటే వేలెడు ఎక్కువుంది. అంత జబ్బులోనూ, అన్ని సూదుల మధ్యా, ఎవరికీ చెప్పకుండా పిల్ల ఎదుగుతూనే ఉంది.

“చూశావా, అంటే నిన్నటి గౌను ఎలాగూ పొట్టే,” అంది నానమ్మ గర్వంగా, తానే ఎదిగినట్టు.

“మడత నాలుగు వేళ్లు పెట్టు,” అని హుకుం జారీ చేసింది తూనీగ.

“నాలుగేంటే? బరువుకి నడవలేవు,” అంది అమ్మ.

“ఆరు.”

“బేరం పెంచేది ఎక్కడైనా ఉందా!” అన్నాడు నాన్న.

అమ్మ నాలుగు వేళ్లు ఆనించి సుద్దతో గీత గీసింది.

మర్నాడు పొద్దున బడి గేటు దగ్గర తూనీగ తల్లి చెయ్యి వదిలించుకుని ముందుకి పరిగెత్తింది. టోపీ లేదు. మడత కుట్టాక కూడా గౌను మోకాళ్లు దాటి వచ్చింది, ఎంత మడతకీ అమ్మకి తనివి తీరక పొడుగే ఎక్కువ పెట్టేసింది మరి. పాత స్నేహితురాలు ఒకతి ఎదురొచ్చి, కిందా మీదా చూసి, జుట్టు సంగతి వదిలేసి, “ఇదేంటే, పెద్ద క్లాసు అక్కల గౌనా? ఇంత పొడుగుంది?” అంది.

తూనీగ నడుం మీద చేతులు పెట్టుకుంది, అచ్చం వాళ్ల నానమ్మలా.

“నేను ఎదుగుతాను కదా! ఆ మాత్రం తెలీదా నీకు?”

ఇద్దరూ చేతులు పట్టుకుని లోపలికి పరిగెత్తారు. గేటు బయట అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ గౌను మడత ఎప్పుడు విప్పాల్సి వస్తుందో అనుకుంది. వచ్చే ఏడాది విప్పాలి. ఆ పై ఏడాది ఇంకాస్త విప్పాలి. ఆ లెక్కకి అడ్డం పడే భయమేదీ లోపల కనిపించలేదు. ఆవిడ నవ్వుకుంటూ ఇంటిదారి పట్టింది.