లైటు ఆపినా ఆరని పచ్చ

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో, మామిడి తోటలు దాటాక, మా ల్యాబ్. పశువుల రోగాలకు పరీక్షలు, టీకాలు తయారుచేస్తాం. ఆ రోజు మధ్యాహ్నం క్యారియర్‌లో తెచ్చుకున్న సంగటి, ఊరిబిండి సగం తిని మూత పెట్టేసి, మైక్రోస్కోపు గదిలోకి వెళ్ళాను. బయట ఎండ మండిపోతోంది.

ఆ గదికి కిటికీ లేదు. గోడలకు నల్ల రంగు, తలుపుకు నల్ల తెర. కాస్త వెలుగు చొరబడినా స్లైడు మీది సన్నటి మెరుపు కనబడదు.

మా పని ఇలా ఉంటుంది. ఆవు ఈసుకుపోయి, నెలలు నిండకనే దూడ చచ్చి పడితే, దాని వెంట వచ్చిన మాయలో చిన్న ముక్క కోసి గాజు పలక మీద పరుస్తాం. ఆ మాయను ముట్టుకున్నా, పచ్చిపాలు తాగినా మనుషులకూ అంటుకునే రోగం అది. రోగక్రిమిని వెతికి అంటుకునే యాంటీబాడీ పోస్తాం. దానికి బయోటిన్ అనే చిన్న అణువు తగిలించి ఉంటుంది. ఆ పైన రంగు అంటించిన స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ వేస్తాం. అది బయోటిన్‌ను పట్టుకుందంటే ఎంత కడిగినా వదలదు. నీలం లైటు వేస్తే క్రిమి ఉన్న చోటల్లా పచ్చగా మెరుస్తుంది. లైటు ఆపిన క్షణంలో ఆరిపోతుంది. ఎప్పుడూ అంతే.

ఆ మధ్యాహ్నం నేను కోపంతో ఉడికిపోతున్నాను.

పొద్దున గేటు దగ్గర అంజనప్ప కనిపించాడు. అతనిది వెంకటగిరికోట పక్కన పల్లె. మేము టీకా వేసి చూస్తున్న ఆవుల్లో రెండు అతనివే. కన్నడ సీమ నుంచి వచ్చిన అతని పెళ్ళాం కెంపమ్మ నెలల తరబడి జ్వరంతో, ఒళ్ళు నొప్పులతో పడి, చివరికి రోగం గుండెకు పాకి కుప్పం ఆసుపత్రిలో చనిపోయింది.

"ఆవు ఈసుకుపోతే దాని మాయ కెంపే చేత్తో తీసిండాది. మీకు పంపిస్తిమి. రోగం లేదంటిరి. పాలు తాగమంటిరి," అన్నాడు అంజనప్ప. "మరి నా పెండ్లాం యాల సచ్చిపాయమ్మా?"

నా దగ్గరికి నంబర్లే వస్తాయి. పేర్లు మా పెద్దాయన డాక్టర్ గోవిందస్వామి దగ్గరే ఉంటాయి. కానీ ఆ సీజన్‌లో కోట వైపు నుంచి వచ్చిన ముక్క ఒక్కటే. అది పచ్చగా మండిపోయింది. నేనే చూశాను. నేనే ఆయనకు చెప్పాను.

నేరుగా ఆయన గదిలోకి వెళ్ళి అడిగాను.

"టీకా వేసిన ఆవులో రోగం ఉండాదని చెప్తే మన టీకా గతేమి?" అన్నాడు, ఫోను మీది నుంచి తల ఎత్తకుండా. "ఆ ముక్క పారేసినాను. రేపు టీకా పని చూసేకి పెద్దోళ్ళు వస్తాండారు. రోగం లేని మందల స్లైడ్లకు ఫోటోలు తీసి పెట్టు, పో."

"ఆ పాలు ఇంకా ఎంతమంది తాగుతాండారు సార్?"

ఆయన ఫోను చెవికి ఆనించుకొని తలుపు వైపు చెయ్యి చూపించాడు.

అందుకే ఆ గదిలో పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. ముందుగా ఉత్త స్లైడు పెట్టాను. దాని మీద యాంటీబాడీ లేదు, రంగు లేదు. నల్లగా కనబడాలి. నీలం లైటు వేసి కన్ను ఆనించాను.

నల్లగానే ఉంది.

తెర సందుల్లోంచి వాసన వచ్చింది. పచ్చిపాలు. పేడ. దాని వెనకాల జ్వరం పట్టిన మనిషి చెమట. ఏసీ గుర్రుమంటోంది. ఆ శబ్దం కింద ఇంకేదో... ఎవరో ఆగి ఆగి ఊపిరి తీస్తున్నట్టు.

మళ్ళీ కన్ను ఆనించాను. ఒక మూల పచ్చ చుక్క. పక్కన ఇంకోటి. చూస్తుండగానే పలకంతా పాకింది.

లైటు ఆపేశాను.

పచ్చ ఆరలేదు.

స్లైడు చేతిలోకి తీసుకున్నాను. చీకట్లో అది మెరుస్తూనే ఉంది. బల్ల మీద పడేశాను. అప్పుడే తెర కదిలింది. గోవిందస్వామి లోపలికి వచ్చాడు.

"ఫోటోలు అయినాయా? ఏం వాసనది?"

"కెంపమ్మ వాసన సార్." నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"పిచ్చి మాటలు మాట్లాడాకు..."

మాట ఆగిపోయింది. చీకట్లో ఆయన కుడి మణికట్టు మీద ఒక పచ్చ గీత వెలిగింది. తరువాత ఇంకోటి. నాలుగు వేళ్ళు. అవతలి పక్క బొటనవేలు. ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు చర్మం లోపలికి నొక్కుకుపోయింది.

"వదులు అర్చనా!"

నేను బల్లకు ఇవతల ఉన్నాను. రెండు చేతులూ నా ఒళ్ళోనే ఉన్నాయి.

ఆయన చెయ్యి విదిలించాడు. కొళాయి తిప్పి రుద్దాడు. నీళ్ళ చప్పుడు... ఏడుపు లాంటి మూలుగు... పచ్చ వదల్లేదు. నేను గోడ మీది స్విచ్ కోసం తడుముకున్నాను. చేతికి అందలేదు. ఆ చీకట్లోంచి ఎండిపోయిన గొంతు, గుసగుసగా...

"ఏముండాది సారూ? సూసి సెప్పు..."

నాకు భయమేసింది. అబద్ధం ఎందుకు. అయినా ఆ భయం కింద కోపం ఆరలేదు. ఆమెతో కలిసి నేనూ అడిగాను.

"చెప్పండి సార్."

"ఉండాది!" అని అరిచాడు. "రోగం ఉండాది! ఆ ముక్క పైన ఫ్రీజర్‌లో, నా బీరువా పక్కన. పారెయ్యలేదు. చెప్పినా కదా, వదలమని చెప్పు..."

వేళ్ళు ఒకటొకటిగా ఆరాయి. బొటనవేలు చివరిది.

లేచి గది లైటు వేశాను. గోవిందస్వామి నేల మీద కూలబడి ఉన్నాడు. మణికట్టు మీద ఏమీ లేదు. గదిలో మేమిద్దరమే.

ఆ ముక్కను నేనే ఐసు పెట్టెలో పెట్టుకొని బయటి ల్యాబ్‌కు తీసుకెళ్ళాను. వాళ్ళ దగ్గరా పచ్చగానే మెరిసింది. పశువుల డాక్టర్లు, ఆసుపత్రి డాక్టర్లు కోట చుట్టూ ఊళ్ళన్నీ తిరిగారు. జ్వరాలతో మూలుగుతున్న పదిమంది దాకా దొరికారు, సమయానికి మందులు పడ్డాయి. టీకా ఆగిపోయింది. గోవిందస్వామి రాజీనామా కూడా ఇవ్వకుండా ఊరు వదిలి వెళ్ళిపోయాడు. నా కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఒక్క నిజమైన మాట చెప్పి ఉంటే కెంపమ్మ బతికేది.

ఆ మాటను అంజనప్పకు ఫోనులో చెప్పబుద్ధి కాలేదు. డాక్టర్లు ఊళ్ళు తిరగక ముందే, బయటి ల్యాబ్ జవాబు వచ్చిన మధ్యాహ్నమే, అందరికంటే ముందు అతనికే చెప్పాలని తెల్లకోటు కూడా విప్పకుండా బస్సెక్కి పల్లెకు వెళ్ళాను. అంజనప్ప కొట్టం ముందు గడ్డి వేస్తున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

"యాల మళ్ళా వస్తివి పాపా?"

"మళ్ళా ఏంది అన్నా? ఈ ఊరికి నేను రావడం ఇదే మొదటిసారి."

గడ్డిమోపు కింద పెట్టి నా ముఖంలోకి చూశాడు.

"పొద్దున్నే వస్తివి కదా. ఇదే తెల్లకోటు. రోగం ఉండిందంట, సారు దాచిపెట్టినాడంట, అంతా సెప్తివి. ఆవు పాలు పిండి పారబోస్తివి. నాతో అంతసేపూ కన్నడంలో మాట్లాడితివి..."

నాకు కన్నడం ఒక్క ముక్క రాదు.