పడగ్గదిలో చాలని వెలుతురు

ఇల్లు అమ్మకానికి పెట్టాను. మా ఆవిడ పోయాక ఆ మూడు గదులూ నా ఒక్కడికి మరీ ఎక్కువైపోయాయి. కొనేవాళ్ళకు పంపడానికి ఫోటోలు కావాలన్నాడు బ్రోకరు. పాత డిజిటల్ కెమెరా దుమ్ము దులిపి, సాయంత్రం ఐదింటికి మొదలుపెట్టాను. హాలు, వంటిల్లు చక్కగా వచ్చాయి. పడగ్గది దగ్గరే తేడా కొట్టింది.

ఆ గదికి ఒకటే కిటికీ. దానికెదురుగా పక్కమేడ గోడ. ఏడాదిగా తలుపు తియ్యలేదు కదా, ముక్కిన గుడ్డల వాసన, దాని అడుగున ఎక్కడో మా ఆవిడ వాడిన మందుల వాసన. ఫ్లాష్ వెలుగుతూనే ఉంది. ఫోటో మాత్రం బూడిద పూసినట్టు మసక. అందులో మంచం కనపడలేదు, బీరువా కనపడలేదు.

కెమెరాలు బాగుచేసే మా బావమరిదికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి గూట్లో ఉంచాను.

"బ్యాటరీ నిండుగా ఉందా బావా?"

"ఇందాకే చార్జింగ్ పెట్టి తీశాను. హాల్లో బాగానే వచ్చాయిరా."

"అయితే కెమెరా మోసపోతోంది. ఏదైనా తెల్లటిది మరీ దగ్గరగా ఉంటే వెలుతురు దానికి తగిలి తిరిగొస్తుంది. ఇక చాల్లే అనుకుని ఫ్లాష్ తగ్గించేస్తుంది."

"ఎదురుగా ఏమీ లేదు. గోడలు కూడా ఆకుపచ్చే."

"నాలుగడుగులు వెనక్కెళ్ళి తియ్యి."

గోడకు వీపు ఆనేదాకా వెళ్ళాను. అదే మసక.

"అయితే అదీ నీతోపాటే నడిచొస్తోంది," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు.

"సరే, ఫ్లాష్ గుర్తు పక్కన ప్లస్ ఉంటుంది. ఒక గీత పెంచి చూడు."

పెంచాను. నొక్కాను. బూడిదరంగు కాస్త తెలుపుకు తిరిగింది... మధ్యలో ఏదో గుంట. ఇంకో గీత పెంచాను...

చర్మం.

ఫోటో నిండా చర్మమే. సున్నంలా పాలిపోయింది. రెండు ఎముకల మధ్య గొంతు గుంట.

కెమెరా దించాను. ఎదురుగా ఎవరూ లేరు. వెన్ను జలదరించింది. కానీ ఎందుకు దాచాలి, లోపల ఎక్కడో ప్రాణం లేచొచ్చింది కూడా. ఏడాదిగా ఈ ఇంట్లో నాకెదురొచ్చిన మనిషి లేడు.

"నువ్వేనా?" అన్నాను.

"ఎవరితో బావా?"

"ఇల్లు అమ్మను. ఎక్కడికీ పోను. ఇక్కడే ఉంటాను, సరేనా..." అని ఖాళీ గదికి మాటిచ్చేశాను.

మందుల వాసన దగ్గరైంది.

అప్పుడు తట్టింది. నేను కెమెరా పట్టుకున్నది నా కంటి ఎత్తులో. ఆ గొంతు గుంటా అదే ఎత్తులో ఉంది. మా ఆవిడ నా భుజం దాకా కూడా వచ్చేది కాదు.

వేలు దానంతటదే మీట నొక్కింది.

ఈసారి గొంతు గుంట కనపడలేదు. ఫోటో పైఅంచు నుంచి అదే పాలిపోయిన గడ్డం... నా మీదికి వంగుతూ.