వెనక్కి ఆరడుగులు

మధ్యాహ్నం మూడూ పదికి చిత్రకారుడు కువాబారా శవం దొరికింది.

వాగులో, రాతికట్టు కింద, వెల్లకిలా. వయసు డెబ్బై ఆరు. చేతిలో కుంచె అలాగే ఉంది. చేతిగడియారం ఒకటీ ఇరవైకి ఆగిపోయింది.

పైన గట్టు మీద ఈజిల్ చెక్కుచెదరలేదు. దాని మీద సగం పూర్తయిన ఆయిల్ పెయింటింగ్. గడ్డికప్పు ఇల్లు, పెర్సిమన్ చెట్టు, తెల్లగోడల ధాన్యపుకొట్టు.

నాలుగింటికల్లా ఆ ఇంటి యజమాని రెంజిని స్టేషన్‌కు తీసుకెళ్ళారు. పొద్దున తొమ్మిదింటికి అతని అరుపులు ఊరంతా వింది.

"మా తాత రేకులు వేయించి ముప్పయ్యేళ్ళయింది. ఇంకా గడ్డే వేస్తావేంటి మాస్టారూ? నా ట్రాక్టర్ ఏది? కరెంటు స్తంభం ఏది? మేం బతికే ఉన్నాంగా, మమ్మల్నెందుకు చెరిపేస్తావ్? ఇంకోసారి కనబడితే వాగులోకి తోసేస్తా!"

ఒంటిగంట నుంచి మూడు దాకా రెంజి పొలంలో ఒంటరిగా ఉన్నాడు. సాక్షి లేడు.

మర్నాడు ఎనిమిదింటికి ఇన్‌స్పెక్టర్ సెగావా వచ్చాడు. గేటు దగ్గరే రెంజి భార్య షిహో ఎదురైంది. వీపున ఏడు నెలల పాప. రాత్రంతా నిద్రలేని కళ్ళు.

"మా ఆయనది నోరే అండీ. చెయ్యి లేవదు. ఎవరు చేశారో కనుక్కోండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

సెగావా తల వంచాడు. మాట ఇవ్వలేదు.

గట్టు మీద కానిస్టేబుల్ నొమురా, పక్కింటి ఫుసాయె ఉన్నారు.

"ఆయన ఎలా గీసేవాడు, అవ్వా?"

"నలభై ఏళ్ళుగా ఇదే ఇల్లు. రెండు గీతలు గీస్తాడు, వెనక్కి ఆరడుగులు వేస్తాడు. బొమ్మ చూసుకుంటాడు. మళ్ళీ ముందుకు. వెనక ఏముందో చూడనే చూడడు. డాన్సు మాస్టారొచ్చాడని మా ముసలాయన నవ్వేవాడు."

సెగావా ఈజిల్ దగ్గర నుంచి వెనక్కి నడిచాడు. ఒకటి. రెండు. మూడు. మడమ కింద నేల లేదు.

అతను కాన్వాస్ మీదకు వంగాడు. చెట్టు పక్కన రంగు గీకేసి ఉంది. ముందు గీసిన బొమ్మలో కొట్టు కిటికీ చెట్టు వెనక దాగుంది. దాన్ని గీకేసి, కిటికీని చెట్టు పక్కన మళ్ళీ వేశాడు.

"ముసలాయన కదా సార్. తప్పు గీసి దిద్దుకున్నాడు," అన్నాడు నొమురా.

"నలభై ఏళ్ళుగా గీస్తున్న కిటికీ తప్పుతాడా? ఇల్లు కదలదు. ఈజిలే కదిలింది."

ఐదడుగుల ముందు, కాస్త పక్కన, నేలలో మూడు చిన్న గుంటలు కనిపించాయి. ఈజిల్ కాళ్ళవి. ఒకదాని మీదుగా సన్నని టైరు చార వెళ్ళింది.

చిన్న ట్రక్కుది. గట్టు మీది దారి పక్కనే ఉన్న రెంజి ఇంట్లోదే.

షిహో వాకిట్లోనే నిలబడి ఉంది.

"నిన్న ట్రక్కు ఎవరు తీశారమ్మా?"

"నేనే. పాపకి జ్వరం. ఒంటిగంటకు డాక్టరు వెళ్ళిపోతాడని పరుగెత్తాను."

"ఎన్నింటికి?"

"పన్నెండూ నలభైకి."

"కువాబారా?"

"భోంచేసి, మొహం మీద టోపీ వేసుకుని చెట్టు కింద నిద్రపోతున్నాడు."

"ఈజిల్ దారికి అడ్డంగా ఉందా?"

"ఉంది. పొద్దున మా ఆయన అన్నేసి మాటలన్నాడు కదా, పైగా నిద్ర కూడా చెడగొట్టడమెందుకని నేనే వెనక్కి జరిపాను. జాగ్రత్తగానే! స్టూలు, రంగుల పెట్టె, గుడ్డముక్క... ఏది ఎలా ఉందో అలాగే పెట్టాను. ఆయన లేచాక ఇబ్బంది..."

ఆమె చూపు గట్టు అంచు మీదకు వెళ్ళింది.

సెగావా మెల్లగా చెప్పాడు. "అందుకే ఆయనకు తెలియలేదు. కిటికీ చోటు మారింది. తన కళ్ళే తప్పాయనుకున్నాడు. దిద్దాడు. ఎలా వచ్చిందో చూసుకుందామని వెనక్కి ఆరడుగులు వేశాడు."

అక్కడ వెనక మూడే అడుగులున్నాయని సెగావా అనలేదు.

పాప ఏడుపు మొదలుపెట్టింది. షిహో అలవాటుగా వీపు ఊపింది. ఊపుతూనే ఉంది.

"నన్ను తీసుకెళ్ళండి."

"ఏ సెక్షన్ కింద? తోయలేదు. తోయాలనుకోలేదు. యాక్సిడెంట్ అని రాస్తాను."

"తిట్టండి పోనీ! ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలిగా నన్ను!"

సెగావా ఫోన్ తీసి, రెంజిని వదిలేయమని స్టేషన్‌కు చెప్పాడు. అరగంటలో జీపు వచ్చింది.

రెంజి దూకాడు. మొహం నిండా నవ్వు. భార్యను, పాపను కలిపి పట్టుకున్నాడు.

"చెప్పానా, నేను కాదని? ఇంతకీ ఆ వెధవ ఎవడు ఇన్‌స్పెక్టర్‌గారూ, దొరికాడా?"