సగం చెక్కిన మెడ

భార్య వీధి తలుపు వేసుకుని వెళ్ళిన చప్పుడు వినగానే వడ్రంగి పని మొదలుపెట్టాడు.

పెట్టె తెరిచి ఆమె ఎలక్ట్రిక్ గిటార్ బయటికి తీశాడు. తీగలు వదులు చేసి, ఊడదీసి, చుట్టచుట్టి పక్కన పెట్టాడు. వెనక ఉన్న మరలు విప్పితే, ఎడమచేత్తో పట్టుకుని వాయించే పొడుగాటి మెడ కాస్తా విడిగా చేతికొచ్చింది. దాన్ని బోర్లా తిప్పి, దాని మీది లోహపు మెట్లు, ఫ్రెట్లు, నలగకుండా కింద మెత్తటి గుడ్డ పరిచి, పెరటి షెడ్డులోని బెంచీకి బిగించాడు. సంగీతం బడిలో క్లాసులు చెప్పి ఆమె తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆ వ్యవధి చాలు.

మెట్ల పక్కన పట్టుకునే చెక్క రెయిలింగులు చెయ్యడం అతని వృత్తి. చేతిలో ఇమిడే చెక్క గురించి తనకు తెలియంది లేదని అతని నమ్మకం. కొన్ని నెలలుగా ఆమె ఎడమ బొటనవేలు మాట వినడం లేదు. కప్పులు జారవిడుస్తోంది. సీసా మూతలు కుడిచేత్తో తిప్పుతోంది. కచేరీ నుంచి రాగానే చెయ్యి కుళాయి కింద పెట్టి నిలబడుతోంది. ఆమె ఏమీ చెప్పలేదు. అతను ఏమీ అడగలేదు. లోలోపల మాత్రం తేల్చేసుకున్నాడు: మెడ మరీ లావుగా ఉంది, సన్నం చేస్తే నొప్పి పోతుంది.

రెండు పిడుల చిన్న చిత్రిక పట్టుకుని, సన్న తీగల వైపు నుంచి మొదలుపెట్టాడు. మెరుగు పొర చిట్లి, కింద పాలిపోయిన చెక్క బయటపడింది. రెయిలింగైనా ఇదైనా అతని పద్ధతి ఒకటే. ముందు ఒక పక్క పూర్తిచేస్తాడు. దానికి అట్టముక్క అచ్చు కత్తిరించి, రెండో పక్కను ఆ అచ్చుకు సరిపోయేలా దించుతాడు.

కాఫీ కప్పుతో వచ్చిన తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఒరే, అది కోడలి కరెంటు వీణ కదూ?"

"దాని మెడ."

"పీక కోసేశావా! అడిగావా దాన్ని?"

"అడిగితే వద్దంటుందమ్మా."

"వద్దంటే వద్దనేగా అర్థం?"

"నువ్వుండు. చూసి ఆశ్చర్యపోతుంది."

"నీ ఆశ్చర్యాలు నాకు తెలీవూ? వంటింట్లో అలమరా అలాగే చేశావు. దాని తలుపు తియ్యాలంటే ఇప్పటికీ స్టవ్వు జరపాలి." కప్పు బెంచీ చివర పెట్టి ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

అతను ఆకురాయి అందుకున్నాడు. ఇక్కడే ప్రమాదం. మెడ వంగకుండా దాని కడుపులో పొడవునా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. చెక్క మరీ పల్చబడితే కడ్డీ బయటపడుతుంది, మెడ పనికిరాకుండా పోతుంది. నాలుగు రాపిడులకోసారి ఆగి, గోటితో తట్టి విన్నాడు. చప్పుడు గట్టిగానే ఉంది. సన్న తీగల వైపు అనుకున్నంతా దిగింది. అచ్చు కత్తిరించి, లావు తీగల వైపు పెన్సిలు గీత గీశాడు. చిత్రిక ఆనించబోతుండగా వీధి తలుపు దబదబ మోగింది.

వచ్చినవాడు ఆమె బృందంలో డ్రమ్స్ వాయించేవాడు. ఇంట్లో అందరూ అతన్ని దరువు అంటారు. తలుపు కొట్టినా తాళంలోనే కొడతాడు.

"బావా, గిటార్ కోసం వచ్చా. అక్క క్లాసు మధ్యలోనే ఆపి వస్తోంది. దగ్గరుండి ఇస్తానంది."

"ఎవరికి?"

"కొత్తగా చేరే ఆయనకి. అక్క మానేస్తోందిగా. ఇంట్లో కళ్ళెదురుగా ఉంటే మనసు లాగుతుంది, పట్టుకుపొమ్మంది." వడ్రంగి ముఖం చూసి దరువు గొంతు తగ్గించాడు. "నీకు చెప్పలేదా?"

వడ్రంగి చేతిలో ఇంకా చిత్రిక ఉంది. దరువు చూపు అతని భుజం మీదుగా పెరటి షెడ్డులోకి వెళ్ళి, బెంచీ మీది మెడ దగ్గర ఆగింది.

"కొంప ముంచావు బావా" అన్నాడు మెల్లిగా.

ఆమె అప్పుడే గేటు తీసుకుని వచ్చింది. ఇద్దరి ముఖాలూ చూసి, తిన్నగా షెడ్డులోకి నడిచింది. చెక్క పొట్టు మధ్యలో ఉన్న మెడను చాలాసేపు చూసింది.

"ఎవరు చెయ్యమన్నారు?"

"నీ వేలు నొప్పెడుతోందని..."

"నేను చెప్పానా?"

"చెప్పాలా? కళ్ళు లేవా నాకు? అయినా, మానేస్తున్నానని నువ్వు మాత్రం నాకు చెప్పావా? దరువు చెబితే తెలుసుకోవాలా నేను?"

"చెబితే ఏమంటారు? హాయిగా ఇంట్లో కూర్చోమంటారు. ఆ మాట మీ నోట వినలేక చెప్పలేదు."

"ఇంట్లో కూర్చోమనేవాణ్ణయితే దీన్నెందుకు చెక్కుతాను?"

ఆమె తడబడింది. అంతలోనే కోపం తిరిగొచ్చింది.

"సన్నం చేస్తే నొప్పి పోతుందని ఎవరు చెప్పారు మీకు? మెట్ల రెయిలింగనుకున్నారా ఇది? అది పడిపోకుండా పట్టుకునేది. దీన్ని పట్టుకోకూడదు, దీని మీద చెయ్యి జారాలి. వెనక ఆనుకోవడానికి చెక్క లేకపోతే నా బొటనవేలు ఇంకా గట్టిగా నొక్కాలి. ఇంకా నొప్పెడుతుంది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని కదండీ!"

వడ్రంగి కాళ్ళ దగ్గరి చెక్క పొట్టు వైపు చూశాడు. తీసిన చెక్కను తిరిగి అతికించడం ఎవరి తరమూ కాదు.

"ఒరే" అంది గుమ్మంలోంచి తల్లి. "రెయిలింగు చేసే ప్రతి ఇంట్లోనూ ముసలాళ్ళ చెయ్యి పట్టుకుని చూస్తావుట. ఎక్కడ వాపుంది, ఏ వేలు ముడవదు అని అడుగుతావుట. నిన్న ఎదురింటావిడ ఒకటే పొగడడం. పెళ్ళాం చెయ్యి ఎప్పుడు పట్టుకు చూశావురా?" తర్వాత కోడలి వైపు తిరిగింది. "నువ్వూ తక్కువేం కాదమ్మాయ్. చెయ్యి కుళాయి కింద పెట్టి నాకేమీ లేదంటే నమ్మడానికి మేమేం చంటిపిల్లలమా?"

దరువు ఇబ్బందిగా బెంచీ అంచు మీద వేళ్ళతో కొట్టబోయి, వడ్రంగి భార్య చూసిన చూపుకి ఆపేశాడు.

వడ్రంగి చిత్రిక కింద పెట్టాడు. చేతులు తుడుచుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"ఎక్కడ నొప్పి?"

ఆమె తల తిప్పుకుంది. అటే చూస్తూ ఎడమచెయ్యి చాపింది. అతను బొటనవేలి మొదలు నొక్కాడు. ఆమె ముఖం చిట్లించింది. కొంచెం పైకి జరిగి నొక్కాడు. అక్కడ లేదంది. అలా వెతుకుతూ పోయాడు. వేలి మొదట్లో, మణికట్టుకు కాస్త పైన, చిన్న వాపు తగిలింది. ఇన్నేళ్ళలో ఆ చోటు తన చేతికి తెలియనే లేదు.

"వాయించేటప్పుడు ఇది ఎక్కడ ఆనుతుంది?"

ఆమె బెంచీ బిగింపు విప్పి మెడ చేతిలోకి తీసుకుంది. కోపంగానే పట్టుకుంది. వేళ్ళు అలవాటుగా తీగలు లేని ఫ్రెట్ల మీదికి వెళ్ళాయి. పైకొకసారి, కిందికొకసారి జరిపింది. ఆగింది. మళ్ళీ జరిపింది.

"రెండో పక్క చెక్కలేదా?"

"ఇంకా లేదు. గీత గీశానంతే."

"బొటనవేలు ఆనేది లావు తీగల వైపే. అక్కడ చెక్క అంతా ఉంది. వేళ్ళు ముందుకి తిరిగేది సన్న తీగల వైపు. అక్కడ మీరు తగ్గించారు. అందుకని వేళ్ళు దూరం వెళ్ళక్కర్లేదు." ఒప్పుకోవడం ఇష్టంలేనట్టు నెమ్మదిగా అంది. "రెండో పక్క కూడా దించి ఉంటే విసిరి కొట్టేదాన్ని."

"రెండు పక్కలూ సమానంగా లేకుండా ఎలా..."

"నా చెయ్యి రెండు పక్కలా సమానంగా ఉందా?"

అతను పెన్సిలు గీతను గరుకు కాగితంతో తుడిచేశాడు.

ఆ తర్వాత పనంతా ఆమె చెప్పినట్టే జరిగింది. ఆమె పట్టుకుని చూస్తుంది. "ఇక్కడ గట్టులా తగులుతోంది" అంటుంది. అతను రెండుసార్లు రుద్ది ఇస్తాడు. "అయ్యో, చాలు చాలు" అంటుంది. సన్న తీగల వైపు ఒకచోట అతను తొందరలో కొంచెం ఎక్కువే లోతు తీశాడు. ఆ గుంట ఎప్పటికీ అలాగే ఉంటుంది. చివరికి బయటపడిన చెక్కకి నూనె పట్టించి ఆరబెట్టారు.

"నన్నేం చెయ్యమంటావక్కా?" అన్నాడు దరువు. "ఆయనకేం చెప్పను?"

"రమ్మను. తన గిటార్ తను తెచ్చుకోమను. సగం పాటలు ఆయనవి, సగం నావి. నా చెయ్యి ఇదివరకటిలా లేదు. ఆ మాట బృందంలో అందరి ముందూ నేనే చెబుతాను."

సాయంత్రం గిటార్ మళ్ళీ ఒక్కటైంది. ముందుగదిలో ఆమె కుర్చీలో కూర్చుంది. దరువు భోజనాల బల్ల మీద వేళ్ళతో తాళం అందుకున్నాడు. మొదటి పాట నిండుగా సాగింది. రెండోదీ సాగింది. మూడో పాట మధ్యలో, బొటనవేలు బిగుసుకోవడం వడ్రంగి చూశాడు. పెదవి కొరికి ఎప్పటిలాగే పాట లాక్కొస్తుందనుకున్నాడు.

ఆమె ఆగిపోయింది. తీగల మోత గదిలో సన్నగా మిగిలింది.

"నొప్పెడుతోందండీ" అంది.

నలుగురి ముందు ఆ మాట అనడం ఆమెకదే మొదటిసారి. అన్నాక కళ్ళు నిండాయి. వడ్రంగి లేచి వచ్చి, కుర్చీ పక్కన నేలమీద కూర్చుని, ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"తొందరేం లేదు" అన్నాడు.

దరువు కూడా బల్ల మీద నుంచి వేళ్ళు తీసేసి, ఆమె మళ్ళీ మొదలుపెట్టేదాకా కదలకుండా కూర్చున్నాడు.